మా చిన్నబాపు చచ్చిపోయిన సినిమా

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చే ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించేదాన్ని. మాది చెన్నూరు. మా బాపు, అంటే మా నాన్న, చదివింది ఉర్దూ బడిలో. ఉర్దూ కాగితం ఇస్తే గడగడా చదివేవాడు గానీ, తెలుగు ఉత్తరం చేతికిస్తే ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, బురదలో నడిచినట్టు నడిచేవాడు. మా తల్లికీ, బాపమ్మకూ చదువే లేదు. బాపమ్మ అంటే బాపును కన్నతల్లి, మా ఇంటికి పెద్దదిక్కు. అందుకని పదేళ్లు నిండకుండానే ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను. పోస్టాయన గుమ్మం ముందు సైకిల్ దిగితే చాలు, ఎక్కడ ఆడుకుంటున్నా నన్ను పిలుచుకొచ్చి, పీట వేసి కూర్చోబెట్టేవారు. ఆ పీట మీద కూర్చుంటే నేను మా బాపు కంటే పెద్దదాన్ని అనిపించేది.

ఆ ఉత్తరాలు దాదాపు అన్నీ మద్రాసు నుంచి మా చిన్నబాపు రాసినవే. ఆయన బాపుకు తమ్ముడు, బాపమ్మకు కడగొట్టు కొడుకు. ఎండకాలం పంటలు ఇంటికొచ్చాక మా వైపు ఊళ్లలో చిరుతల రామాయణం ఆడేవారు. చేతుల్లో చిరుతలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట అది. అందులో చిన్నబాపు లక్ష్మణుడి వేషం కట్టేవాడు. లక్ష్మణుడు మూర్ఛపోయే ఘట్టం చూడటానికి పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారట. ఒక ఏడు ఊళ్లోకి వచ్చిన నాటకాల కంపెనీ వెంట వెళ్లిపోయి, అటు నుంచి అటే మద్రాసు చేరుకున్నాడు. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఆయన ముఖం కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు.

ఆరేళ్లపాటు ఆయన ఇంటికి రాలేదు. సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలే దొరికేవి. ఒకసారి సభలో ఈటె పట్టుకున్న భటుడు, ఒకసారి సంతలో కూరగాయలు బేరమాడే మనిషి, ఒకసారి పెళ్లిలో అక్షింతలు వేసే చుట్టం. పది మందికీ తెలిసే వేషం ఒక్కటి వేశాకే ఊళ్లో అడుగుపెడతానని పంతం పట్టాడు. బాపమ్మ ఆ పంతాన్ని తిట్టని రోజు లేదు.

చివరికి ఒక చలికాలం ఆ ఉత్తరం వచ్చింది. కథానాయకుడికి తమ్ముడి వేషం దొరికిందనీ, తెర మీద తన పేరు కూడా పడుతుందనీ, సినిమా విడుదలైందనీ రాశాడు. నేను గొంతు పెంచి చదువుతున్నాను. బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. అప్పుడు కింద ఇంకో రెండు వరసలు కనబడ్డాయి. సినిమా మన దిక్కు వస్తే అవ్వను, అంటే బాపమ్మను, ఇప్పుడే తీసుకుపోవద్దనీ, అందులో తన పాత్రకు మంచి జరగదనీ, తాను వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాననీ రాశాడు.

అప్పటికి వారం ముందే ఊరి బయట టూరింగు టాకీసు డేరా వేశారు. ఆ సినిమా వస్తోందని బండి మీద మైకు పెట్టి చెప్పి వెళ్లారు కూడా. మా బాపుకు సినిమాలంటే గిట్టదు. బాపమ్మ కదిలితేనే ఇల్లు కదులుతుంది. ఆ రెండు వరసలు చదివితే బాపమ్మ ఆగిపోతుంది, నా సినిమా కూడా ఆగిపోతుంది. "అందరూ క్షేమమని తలుస్తాను" అన్న చివరి ముక్కకు దూకి, ఉత్తరం మడిచేశాను. ఎవరికీ అనుమానం రాలేదు.

ఆదివారం సాయంత్రం మొదటి ఆటకు అందరం వెళ్లాం. బాపమ్మ పెళ్లికి వెళ్తున్నట్టు పెట్టెలోని చీర తీసి కట్టుకుంది. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. తెర మీద చిన్నబాపు ముఖం పడగానే డేరా అంతా ఈలలు. బాపమ్మ నేల మీద నుంచి లేచి నిలబడింది. ఆరేళ్ల తర్వాత కొడుకు ముఖం చూస్తోంది, అదీ ఇంటి గోడంత ముఖం. "బక్కగైండు, చూసినవా? తింటలేడు వీడు" అని బాపు భుజం పట్టి ఊపింది. వెనక వాళ్లు కూర్చోమని అరుస్తున్నా ఆమెకు వినబడలేదు.

ఆ సంతోషం ఒక గంట సాగింది. తర్వాత అన్నను కాపాడబోయి చిన్నబాపు ఈటెకు అడ్డం వెళ్లాడు. ఈటె రొమ్ములో దిగింది. చొక్కా నల్లగా తడిసిపోయింది. సినిమాలోని తల్లి పరుగెత్తుకొచ్చి ఆయన తలను ఒడిలోకి తీసుకుంది. ఆయన రెండు మాటలు చెప్పి కళ్లు మూశాడు. డేరాలో ఆడవాళ్లంతా ముక్కులు చీదుతున్నారు. బాపమ్మ ఏడవలేదు. లేచి, మనుషుల్ని దాటుకుంటూ, తొక్కుకుంటూ తెర దగ్గరికి పరుగెత్తింది. "జరుగవే, వాడు నా కొడుకు! నేనుండంగ వాన్ని నువ్వెట్ల ఎత్తుకుంటవే!" అని తెరలోని ఆ తల్లి మీద అరిచింది. ఆట ఆపేశారు. బాపు, మరో ఇద్దరు కలిసి ఆమెను ఎత్తుకుని ఇంటికి తెచ్చారు.

తెల్లారితే మామూలుగా అవుతుందనుకున్నాం. కాలేదు. బాపమ్మ దర్వాజ పక్కన గోడకు ముఖం పెట్టి కూర్చుంది. మా తల్లి జొన్నగటక కాచి పెడితే ముట్టుకోలేదు. బలవంతం చేస్తే రెండు గుక్కల చల్ల తాగేది, అంతే. వచ్చిన వాళ్లందరూ అది ఉత్త ఆట అని చెప్పారు. కొందరు నవ్వారు కూడా. ఆమె తెలివి తక్కువ మనిషి కాదు. ఎవరెంత చెప్పినా ఆమె దగ్గర ఒక జవాబు ఉండేది. చిన్నబాపు ఉత్తరం రాశాడు కదా అంటే, అది చావక ముందు రాసిందంది. అందరూ తనకు చెప్పకుండా దాస్తున్నారంది.

"అది ఆట అవ్వా. మన చిరుతల రామాయణం లెక్క" అన్నాడు బాపు.

"చిరుతల రామాయణంల పడిపోయినోడు లేస్తడు గదరా" అంది బాపమ్మ. "మంగళారతి కాడ అందరు లేసి నిలవడుతరు. నేనెన్నిసార్లు చూడలే? వీడు లేవలే. నేను తెర దాకా పోయి చూసిన, వీడు లేవలే."

మద్రాసుకు టెలిగ్రాం ఇవ్వమని మా తల్లి అడిగింది. వాడికి ఇప్పుడిప్పుడే ఒక దారి దొరికింది, ఇంత చిన్నదానికి పిలిచి చెడగొట్టొద్దు అన్నాడు బాపు. నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందన్నాడు.

నాకు మాత్రం అన్నం సహించలేదు. బడిలో కూర్చుంటే పలక మీద ఆ రెండు వరసలే కనిపించేవి. బాపమ్మ పక్కన పడుకునే అలవాటు నాకు, ఆ రోజుల్లో మా తల్లి పక్కకు వెళ్లి పడుకున్నాను. మూడో రోజు, బడి నుంచి వచ్చి, బాపు దాచుకున్న పోస్టుకార్డుల్లోంచి ఒకటి తీసుకున్నాను. గొడ్ల కొట్టంలో కూర్చుని చిన్నబాపుకు రాశాను. "నీవు వద్దన్న సంగతి నేను చదవలేదు. నాకు సినిమా చూడబుద్ధి అయ్యింది. బాపమ్మ నువ్వు చచ్చిపోయినవని అన్నం తింటలేదు. నువ్వు రా. నేను చెప్పిన అని చెప్పకు." ఉత్తరం మీది చిరునామా చూసి పొందికగా ఎక్కించి, పరుగెత్తి డబ్బాలో వేశాను. ఎవరికీ చెప్పకుండా రాసిన మొదటి ఉత్తరం అదే.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు. బాపమ్మ చిక్కిపోయింది. గాజులు మోచేతి దాకా జారిపోయేవి. ఎనిమిదో రోజు ఆమె ఇంకో మాట పట్టుకుంది. ఎల్లుండితో పదో రోజు, గోదారికి వెళ్లి కొడుక్కి దినం చేయాలంది. పంతులును పిలవమంది. బతికున్న వాడికి దినం చేయడమేంటని బాపు మొదటిసారి తల్లి మీద కోపం చేశాడు. "నువ్వు చెయ్యకుంటే నేనే పోత. గోదాట్ల మునిగి నేనే నీళ్లిడుస్త" అంది. ఆమె అన్నదంటే చేస్తుంది. ఆమెకు నిలబడే ఓపిక లేదు, గోదావరిలో దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం మా బాపు మా నుంచి ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకోవడం చూశాను. అలా అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మంచిర్యాల బస్సు వచ్చింది. కాసేపటికి మా వాకిట్లోకి ఒక మనిషి వచ్చాడు. చేతిలో రేకు పెట్టె, నలిగిపోయిన చొక్కా, మాసిన గడ్డం. సినిమాలో చూసినంత పొడుగు లేడు. నేను గుర్తుపట్టలేదు. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వెళ్లి బాపమ్మ ఎదురుగా, గోడకూ ఆమెకూ మధ్య ఉన్న కొంచెం చోట్లో ఇరుక్కుని కూర్చున్నాడు.

"అవ్వా, ఆకలైతుంది" అన్నాడు.

బాపమ్మ చాలాసేపు చూసింది. తర్వాత చేయి చాపి ఆయన చొక్కా గుండీలు విప్పింది. ఈటె దిగిన చోట అరచేయి పెట్టి తడిమింది. వేళ్లతో నొక్కి చూసింది. అక్కడ ఏమీ లేదు. గాయం లేదు, మచ్చ లేదు. చొక్కా వెనక్కి లాగి వీపు కూడా చూసింది, ఈటె అటు నుంచి బయటికి వచ్చిందేమోనని. ఆ తర్వాత ఆయన చెంప మీద ఒకటి కొట్టింది. అప్పుడు ఏడ్చింది. తొమ్మిది రోజుల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. ఇంట్లో ఉన్న మేమంతా ఏడ్చాం. మా బాపు అయితే తమ్ముడి పెట్టె పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక వాకిలంతా తిరిగాడు.

బాపమ్మ ఆ పూట అన్నం తింది. కొడుకు కలిపి పెడితే తింది. తిన్నాక అడిగింది, "మరి లేవలేదేందిరా నువ్వు?" అని.

ఇప్పుడు ఆలోచిస్తే, అక్కడ ఎవరైనా నవ్వేస్తారు. చిన్నబాపు నవ్వలేదు. ఆ ప్రశ్నలో న్యాయం ఉందన్నట్టు తలూపాడు. "లేసిన అవ్వా. నేను లేసేది వాళ్లు తీయలే" అన్నాడు. లేచి వాకిట్లోకి వెళ్లి, బూజు దులిపే కట్టె తెచ్చి ఇదే ఈటె అన్నాడు. ఈటె మొన కోసేసి, చొక్కా లోపల కట్టిన పలకకు ఎలా తగిలించారో చూపించాడు. నెత్తురంటే బెల్లం పాకంలో రంగు కలిపారనీ, ఈగలు ముసిరితే చచ్చిన వాడు కదలకూడదు కాబట్టి ఇద్దరు మనుషులు దూరం నుంచి విసనకర్రలు ఊపారనీ చెప్పాడు. సినిమాలో తల్లిగా వేసినామె ఆయన కంటే రెండేళ్లు చిన్నదట. తల బరువుగా ఉందని, ఏడుపు మధ్యలోనే ఆయన్ను గిల్లిందట. బాపమ్మ ఈ సంగతి విని చాలా తృప్తి పడింది. "నాకు తెలుసు. అది ఉత్తుత్త ఏడుపే" అంది.

"అయితే నువ్వు ఏడువు. మంచిగ ఏడ్చేటోళ్లు కావాలె" అని చిన్నబాపు వాకిట్లో పడిపోయాడు. బాపమ్మను పిలిచి, తన తలను ఆమె ఒడిలో పెట్టించుకున్నాడు. ఆ రెండు మాటలూ చెప్పాడు. కళ్లు మూశాడు. నేను స్తంభం చాటు నుంచి చూస్తున్నాను. బాపమ్మ ఏడవలేదు. ఆయన జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, "నెత్తికి నూనె పెట్టక ఎన్ని రోజులైతుందిరా?" అంది. చచ్చిన చిన్నబాపు పొట్ట కదిలేలా నవ్వాడు. లేచి కూర్చున్నాడు. "సూడు, లేసిన" అన్నాడు. "ఇంకోసారి" అంది బాపమ్మ. ఆయన మళ్లీ చచ్చిపోయి మళ్లీ లేచాడు. అలా ఎన్నిసార్లు చేయించుకుందో లెక్క లేదు. చివరికి నూనె గిన్నె తెప్పించుకుని, చచ్చిపోయి ఉన్న కొడుక్కి తల అంటింది.

ఆ సందడిలో నా సంగతి ఎవరికీ గుర్తు లేదు. సాయంత్రం గొడ్ల కొట్టంలో ఆయనే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. జేబులోంచి నా కార్డు తీసి నా చేతిలో పెట్టాడు.

"చెప్పకన్నవు. నేను చెప్ప" అన్నాడు. "ఇది నాకు అందకపోతే రేపు ఏమవునో నాకు తెలుసు. నువ్వు రాసినవు, నేను వచ్చిన. గిది మంచి పని. ఆ రెండు వరసలు మాత్రం నీ కడుపుల అట్లనే ఉంటయి బిడ్డా. చెప్తెనే పోతయి. నువ్వు చెప్పు, నేను పక్కకు నిలవడుత."

ఆయన నా చేయి పట్టుకోలేదు, నన్ను లాక్కెళ్లలేదు. నేను నడిస్తే పక్కన నడిచాడు. బాపమ్మ మంచం దగ్గర నిలబడి, వెక్కుతూ, మొత్తం చెప్పాను. ఉత్తరంలో ఆ మాట ఉందని, నేనే మింగేశానని చెప్పాను. బాపు తల ఎత్తి నన్ను చూశాడు. నా మీద చేయి పడుతుందనుకున్నాను. చిన్నబాపు అటు జరిగి, బాపుకూ నాకూ మధ్య నిలబడ్డాడు.

బాపమ్మ నన్ను మంచం మీదికి లాక్కుంది. "నువ్వు చదివితె మాత్రం నేను ఆగుదునా?" అంది. "ఆరేండ్లాయె వాని మొకం చూడక. పోవద్దంటె ఇంకింత ఉరికి పోదును. నువ్వేం పరేషాన్ కాకు." నా గడ్డం పట్టుకుని, "కని, ఇగ ఎన్నడన్న ఉత్తరం చదివితె, ఒక్క మాట మింగద్దు. నాకు కండ్లు నువ్వే" అంది.

నా మీద పెట్టిన బండ ఏదో పక్కకు జరిగినట్టయింది. నేను ఆ రోజు బాపమ్మ పక్కనే పడుకున్నాను.

మర్నాడు ఆయన తల్లిని మళ్లీ ఆ సినిమాకే తీసుకెళ్లాడు. ఊరి పిల్లవాడు ఉన్న సినిమా అని డేరావాళ్లు ఇంకా దాన్నే ఆడిస్తున్నారు. బాపమ్మ కొడుకు చేయి రెండు చేతుల్తో పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తెర మీద ఆయన చచ్చిపోయాడు. డేరా అంతా ఏడుపు. అప్పుడు బాపమ్మ లేచి వెనక్కి తిరిగింది. "ఎవ్వరు ఏడ్వకుండ్రి! ఏం ఫికర్ లేదు! వీడు ఈడనే ఉన్నడు, చూడుండ్రి!" అని ఆయన్ను చేయి పట్టి లేపి నిలబెట్టింది. డేరాలో ఏడుస్తున్న వాళ్లంతా ఒక్కసారి నవ్వారు. ఈలలు వేశారు. చిన్నబాపు సిగ్గుపడుతూ దండం పెట్టాడు. ఏ సినిమాలోనూ ఆయన్ను అంత అందంగా నేను చూడలేదు.

ఆయన అప్పుడు వదిలి వచ్చింది మరో పెద్ద వేషమని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సగంలో ఊరికి వెళ్లిపోయాడని దాన్ని ఇంకొకరికి ఇచ్చేశారట. ఆ మాట ఆయన ఎన్నడూ ఇంట్లో అనలేదు. ఆ తర్వాత కూడా చిన్న వేషాలతోనే ఆయన కాలం గడిచింది. తమ్ముడు, స్నేహితుడు, సైనికుడు, చాలావాటిలో మధ్యలోనే చచ్చిపోయే మనిషి. ప్రతి సినిమాకూ ముందుగా ఒక కార్డు వచ్చేది. "ఇందులో నన్ను పాము కరుస్తుంది." "ఇందులో పడవ మునుగుతుంది. నాకు ఈత వచ్చని అవ్వకు యాది చేయండి." నేను ఒక్క మాట మింగకుండా చదివేదాన్ని. ఒక సినిమాలో ఆయన చివరిదాకా బతికి పెళ్లి చేసుకుంటే, అందులో ఏమీ లేదని బాపమ్మ పెదవి విరిచింది. రంగుల సినిమాలు, కొత్త ముఖాలు వచ్చాక ఆయన చెన్నూరుకే తిరిగొచ్చి, పిల్లలకు చిరుతలు నేర్పుతూ చాలా ఏళ్లు బతికాడు. బాపమ్మ ఆయన చేతుల్లోనే పోయింది.

నేను నర్సునయ్యాను. కరీంనగర్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా చేశాను. ఆపరేషన్ గది బయట కూర్చున్న వాళ్లకు ఏం చెప్పినా తలకెక్కదని అక్కడ చూశాను. బాగానే ఉన్నాడంటే దాస్తున్నారనుకుంటారు. ఒకసారి హుస్నాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, కొడుకు పోయాడని తనకు తానే అనుకుని నేల మీద పడి కొట్టుకుంటోంది. చుట్టూ నలుగురు నిలబడి, ఏం కాలేదని, కొంచెం చాయ్ అయినా తాగమని నచ్చజెబుతున్నారు. ఆపరేషన్ అప్పటికే అయిపోయింది. నేను డాక్టరుగారిని అడిగి, ఆమెకు చేతులు కడిగించి, లోపలికి తీసుకెళ్లాను. కొడుకు అరికాలి మీద ఆమె చేయి పెట్టాను. మత్తు పూర్తిగా వదలకపోయినా ఆ పిల్లవాడు చక్కిలిగింత పుట్టి కాలు లాక్కున్నాడు. ఆమె అక్కడే చతికిలబడి, "చాయ్ తాగుత బిడ్డా" అంది. వీలైన ప్రతిసారీ నేను అలాగే చేశాను.

ఇప్పుడు రిటైరై ఇంట్లోనే ఉంటున్నాను. పెద్దపల్లిలో ఉన్న మా బిడ్డ ఏదైనా భయపడి ఫోన్ చేస్తే, ఏం కాదులే అని ఫోన్లో ధైర్యం చెప్పడం నాకు రాదు. ఎక్కడున్నావని అడుగుతాను, చెప్పులు వేసుకుని బస్టాండుకు నడుస్తాను.